చప్పట్లు ఎక్కడ కొట్టాలి?

లెక్కల లెక్చరర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ చాప్టరుతో మొదలుపెట్టాలి మేడం, వెనక బెంచీలవాళ్లని ఎలా అదుపులో పెట్టాలి మేడం అని అడుగుతారు. అవన్నీ మొదటి పరీక్షలు రాకముందే వాటంతట అవే వచ్చేస్తాయి. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా నన్ను వదలకుండా పట్టుకున్నది ఇంకొకటి. ఈ ఉద్యోగంలో మీకు దణ్ణం పెట్టేవాళ్లకి లోటుండదు. మీరు చేసే పని ఏంటో చూసేవాళ్లు మాత్రం దొరకరు. అప్పుడు మొదట లోకాన్ని తిట్టుకుంటారు. నేనూ చాలాకాలం తిట్టుకున్నాను. ఆ తిట్టడం ఎలా ఆగిందో చెబుదామని ఇది రాస్తున్నాను.

నేను పనిచేసింది రాజమహేంద్రవరంలో ఒక డిగ్రీ కాలేజీలో. తొంభైల్లో మా రెండు గోదావరి జిల్లాల్లో లెక్కలకి వచ్చిన గిరాకీ అంతా ఇంతా కాదు. పురిటి మంచం మీదే పిల్లకి ఎంపీసీ ఖాయం చేసేవారు. అలాంటి రోజుల్లో ఒకసారి భీమవరం వైపు నుంచి రొయ్యల చెరువులున్న ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని, స్వీట్ల పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఇంటర్లో ఆ అమ్మాయికి లెక్కల్లో ఒక్క మార్కు కూడా పోలేదు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ఏ పాఠం బాగా నచ్చిందమ్మా?" అని ఆ పిల్లని అడిగాను.

ఆ పిల్ల తండ్రి వైపు చూసింది. నా వైపు చూసింది. "నచ్చడమేంటి మేడం?" అంది. వెటకారం కాదు, నిజంగా తెలియకే అడిగింది.

"పోనీ తెలుగులో?"

వెంటనే ఒక పద్యం పేరు చెప్పి, అడక్కుండానే రెండు పాదాలు రాగం తీసి చదివింది. తండ్రి తల ఊపుతూ మూడో పాదం అందుకున్నారు. తెలుగులో ఆ పిల్లకి అంత మంచి మార్కులేమీ రాలేదు. వాళ్లు వెళ్లాక ఆ స్వీటు తినబుద్ధి కాలేదు నాకు.

*వినిపించు*

మా నాన్న ద్రాక్షారామం దగ్గర రైతు. ఐదో తరగతితో చదువు ఆపేశారు. అయినా చేను గట్టు మీద నడుస్తూ నాటకాల్లో విన్న పద్యాలు పాడుకునేవారు. సగం మాటలకి తనకి అర్థం తెలియదని ఆయనే నవ్వుతూ ఒప్పుకునేవారు. అర్థం తెలియనంత మాత్రాన ఆ పద్యం ఆయనది కాకుండా పోలేదు. గొంతెత్తితే పక్క చేలో వాళ్లు పని ఆపి వినేవారు.

నేను ఎమ్మెస్సీ పాసై ఇంటికొచ్చిన రోజున అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఇంతకీ లెక్కల్లో అంత పెద్ద చదువేముంటుందమ్మాయ్?" అన్నారు.

"చాలా ఉంటుంది నాన్నా. గొప్ప గొప్పవి ఉంటాయి."

"అయితే ఒకటి వినిపించు."

నోరు తెరిచాను. ఏం వినిపించాలో తెలియలేదు. యూనివర్సిటీలో చదివినవన్నీ కళ్ల ముందు తిరిగాయి గానీ, ఒక్కటి కూడా నోట్లోంచి బయటికి రాలేదు. ఆయన కాసేపు చూసి, "పోనీలే, పెద్ద చదువు కదా, మాకెక్కడ తెలుస్తుంది" అని లేచి పశువుల దగ్గరికి వెళ్లిపోయారు. నిష్ఠూరం లేదు ఆ మాటలో. అందుకే ఎక్కువ బాధపడ్డాను. వినిపించు అన్న ఆ మాట నా ఉద్యోగం పొడుగునా నా వెంటే వచ్చింది.

*రత్నం మాస్టారు*

మా డిపార్టుమెంటు హెడ్‌ని ఊరంతా రత్నం మాస్టారు అనేవారు. మెయిన్ రోడ్డులో నూనెల కొట్టున్న వర్తకుల కుటుంబం ఆయనది. అన్నగారు కొట్టు చూసుకునేవారు. తమ్ముడు లెక్కలు చదువుతున్నాడంటే ఇక కొట్టుకి గుమాస్తా అక్కర్లేదని ఆ ఇంట్లో సంబరపడ్డారట. మాస్టారేమో నాలుగు అంకెలు కూడితే నాలుగు రకాలుగా వచ్చే మనిషి. "వీడు చదివేది లెక్కలు కాదురా, ఇంకేదో" అని అన్నగారు చివరిదాకా అనుమానపడుతూనే ఉన్నారు. ఆ అనుమానంలో కొంత నిజం ఉంది.

మాస్టారు చేసిన పని ఇది. ఒక అంకెని ముక్కలుగా విడగొట్టడానికి ఎన్ని దారులున్నాయి అన్నది పాత ప్రశ్న. ఆరుని ఐదూ ఒకటీగా విడగొట్టవచ్చు, నాలుగూ రెండూగా విడగొట్టవచ్చు. ముక్కలు ఫలానా రకంగానే ఉండాలి అని ఒక షరతు పెడితే దారులు తగ్గుతాయి. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ కనిపించని ఫలానా రెండు షరతుల్లో ఏది పెట్టినా, దారులు సరిగ్గా అన్నే వస్తాయని మాస్టారు రుజువు చేశారు. విదేశాల పత్రికలో అచ్చయింది. అక్కడి ప్రొఫెసర్లు కొందరు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. మా ఊళ్లో ఆ సంగతి పోస్టుమాన్‌కి తెలుసు, స్టాంపుల వల్ల.

నేను ఆయన్ని గురువులాగే చూశాను. కానీ మీకు నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆయనకి ఒక మొండితనం ఉండేది. ఎవరైనా ఆయన పని గురించి అడిగితే, మొదటినుంచి చెప్పడానికి ఒక సంవత్సరం పడుతుంది, రోజూ వస్తారా అనేవారు. "కొంచెం, పైపైన చెప్పండి మాస్టారూ" అంటే ముఖం గంటు పెట్టుకునేవారు. "సగం చెబితే అబద్ధం చెప్పినట్టే" అనేది ఆయన మాట. ఆ సంవత్సరం ఇవ్వగలిగినవాళ్లు ఎవరుంటారు?

ఆయన భార్య రాజ్యలక్ష్మి గారిని నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. మనిషి ఆయనకి పూర్తిగా ఎదురు. పద్యనాటకం ఎక్కడ వేసినా ముందు వరసలో ఉండాల్సిందే. మా వైపు నాటకంలో పద్యం బాగా కుదిరితే జనం "వన్స్ మోర్" అని అరుస్తారు, చచ్చిపడి ఉన్న పాత్రయినా సరే లేచి ఇంకోసారి పాడి మళ్లీ పడుకోవాలి. ఆడవాళ్ల వైపు నుంచి వన్స్ మోర్ వినిపించిందంటే రాజ్యలక్ష్మి గారు వచ్చారని ఊరికి అర్థమయ్యేది.

ఆవిడకి ఉన్న కోరిక ఒకటే. ఒకరోజు నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు కాఫీ ఇస్తూ అడిగారు. "సుభద్రా, పెళ్లయిన దగ్గర్నుంచి చూస్తున్నాను, ఆ కాగితాల మీద రాస్తారు, కొట్టేస్తారు, ఒక్కోసారి తనలో తను నవ్వుకుంటారు. దేనికి నవ్వుతారమ్మా? నాకు ఆ నవ్వు దేనికో తెలిస్తే చాలు."

పక్కగదిలోంచి మాస్టారు, "నీకు అర్థం కాదులే రాజ్యం, ఊరికే బాధపడతావు" అన్నారు. ఆవిడ నా వైపు చూసి చిన్నగా నవ్వి, "విన్నావుగా" అన్నారు.

*స్టాఫ్ రూములో*

మా కాలేజీలో తెలుగు చెప్పే మూర్తి గారు మాస్టారికి ప్రాణస్నేహితుడు, ప్రతివాది కూడా. మధ్యాహ్నం క్యారేజీలు విప్పాక ఇద్దరికీ వాదన పడితే మిగతావాళ్లం తినడం ఆపి వినేవాళ్లం.

"సాహిత్యంలో మనిషి ఉంటాడు మాస్టారూ. ఏడుస్తాడు, నవ్వుతాడు. మీ దాంట్లో ఎవరున్నారండి? ఎక్సూ, వైయూ."

"ఎవరూ లేకపోవడమే దాని గొప్ప మూర్తీ. నేను పోయినా అది నిజమే. నువ్వు పోయినా నిజమే. ఈ గోదావరి ఎండిపోయినా నిజమే."

"అందుకే దానికోసం ఎవరూ కన్నీళ్లు పెట్టుకోరు."

మాస్టారు పెరుగన్నం కలుపుకుంటూ, "నేను పెట్టుకున్నాను" అన్నారు. ఆ మాటతో వాదన ఆగిపోయింది. మాస్టారికి ఊరు సన్మానం చేయాలన్న పట్టుదల మూర్తి గారికి ఆ రోజే పుట్టిందని తర్వాత ఆయన నాతో చెప్పారు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది వింటే మీకు మూర్తి గారి మీద కోపం వస్తుంది. రాకూడదు. మాస్టారి కోసం ఈ ఊళ్లో కాలు కదిపిన మనిషి ఆయనొక్కరే.

*పూలు లెక్కపెట్టిన సాయంత్రం*

ఉగాది వారంలో మా ఊళ్లో సాహిత్య సభలు జరుగుతాయి. అవధానం లేకుండా సభ నిండదు. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని అవధానిని తలో ప్రశ్నా అడుగుతారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు వీపు మీద పూలు విసురుతూంటే ఎన్ని పడ్డాయో అవధాని గుర్తుపెట్టుకోవాలి, ఇంకొకరు మధ్యమధ్య అడ్డదిడ్డంగా మాట్లాడి ఏకాగ్రత చెడగొట్టాలి. ఇలా చెడగొట్టేవాణ్ణి అప్రస్తుత ప్రసంగి అంటారు. పండితుడెవరో పామరుడెవరో తేడా లేకుండా హాలంతా కూర్చుని వింటుంది.

మా ఊరికి గొప్పవాణ్ణి గౌరవించే పద్ధతి అదే. అందుకని మూర్తి గారు మాస్టారితో గణితావధానం, అంటే లెక్కలతో చేసే అవధానం, ఏర్పాటు చేశారు.

మాస్టారు మొదట ఒప్పుకోలేదు. "చివర్లో మీ సిద్ధాంతం గురించి పది నిమిషాలు మీరే మాట్లాడండి మాస్టారూ, ఊరంతా వింటుంది" అని మూర్తి గారు బతిమాలాక తలూపారు. ఆ పది నిమిషాల కోసం ఆయన పడిన కష్టం నేను చూశాను. కాలేజీ అయ్యాక ఖాళీ క్లాసులో నల్లబల్ల ముందు నిలబడి, ఏది వదిలేయాలి, ఏది ఉంచాలి అని తనలో తను గొణుక్కునేవారు. సగం చెప్పడం అబద్ధమన్న మనిషి సగం ఎలా చెప్పాలో నేర్చుకుంటున్నాడని నాకు ఎంతో సంతోషం వేసింది. పిన్నిగారైతే సభకని పట్టుచీర బయటికి తీశారు. "ఆ రోజు నాకూ తెలుస్తుందన్నమాట" అన్నారు.

హాలు నిండిపోయింది. మాస్టారు మధ్యలో కూర్చున్నారు. ఊళ్లో పేరున్న ఆడిటరు గారు ఒళ్లో క్యాలిక్యులేటరు పెట్టుకుని, నాలుగంకెల సంఖ్యని ఇంకో నాలుగంకెల సంఖ్యతో హెచ్చవేయమన్నారు. ఒక డాక్టరు గారు ఫలానా తేదీ ఏ వారమో చెప్పమన్నారు. వెనకనుంచి బంతిపూలు పడుతున్నాయి. అప్రస్తుత ప్రసంగి, "మాస్టారూ, పెసరట్టుని ఎన్ని మడతలు వేస్తే మాయమైపోతుందండీ?" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. మాస్టారికి అది అడ్డుప్రశ్న అని తట్టలేదు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పాలి కదా, "ఎన్ని మడతలు వేసినా మాయం కాదు నాయనా" అని నింపాదిగా వివరించబోయారు. ఈలోగా ఇంకో నాలుగు పూలు పడ్డాయి.

పూల లెక్క తప్పింది. తేదీకి వారం తప్పింది. హెచ్చవేతకి ఆయన చెప్పిన జవాబుని ఆడిటరు గారు క్యాలిక్యులేటరుతో పోల్చి, పాపం చాలా మర్యాదగా, "స్వల్ప తేడా ఉందండి" అన్నారు.

వెనక వరసలోంచి ఎవరో, "లెక్కల మాస్టారికే లెక్క తప్పిందిరోయ్!" అని కేకేశారు.

హాలంతా నవ్వింది. చెడ్డ నవ్వు కాదది, మన ఇంటి మనిషి కాలుజారితే నవ్వే నవ్వు. అయినా నేను తల దించుకున్నాను. మాస్టారు లేచి నిలబడి, "తప్పేనండి. హెచ్చవేతలో నేను ఎప్పుడూ తప్పే" అని కూర్చున్నారు. మళ్లీ నవ్వులు. ఇంతలో రావాల్సిన ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు, ఆయనకి ఇంకో సభ ఉంది, శాలువా కప్పేసి వెళ్లిపోవాలి. ఆ హడావిడిలో మాస్టారి పది నిమిషాలు పోయాయి. చప్పట్లు మాత్రం బాగానే కొట్టారు, శాలువాకి.

ఆటోలో ముగ్గురం కూర్చుని వచ్చాం. పిన్నిగారు శాలువా మడత పెట్టి ఒళ్లో పెట్టుకున్నారు.

*చింతపిక్కలు*

మరునాడు ఆదివారం. వాళ్లింటికి వెళ్లాను. మాస్టారు వరండాలో పడక్కుర్చీలో పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. పిన్నిగారు నన్ను కూర్చోమని కూడా అనలేదు.

"ఆయన్ని చూసి నవ్వారు సుభద్రా. నవ్వినవాళ్లకి ఏమని జవాబు చెప్పాలో నాకే తెలియదు. అదమ్మా నా కడుపుమంట. ఆయనేం చేశారో ఇవాళ నాకు చెప్పి కదులు. సగమే చెప్పు. పావు వంతే చెప్పు. నలుగురికీ నేను చెప్పుకుంటాను."

పేపరు కదలలేదు. నాకు ఏం చేయాలో తోచక చుట్టూ చూశాను. గోడవార ఆవిడ వామనగుంటలాడుకునే పీట ఉంది, పక్కన సీసాలో చింతపిక్కలున్నాయి. సీసా వంచి ఆరు పిక్కలు నేల మీద పోశాను.

"వీటిని కుప్పలు పెట్టండి పిన్నిగారూ. ఎలాగైనా సరే, కానీ ఏ రెండు కుప్పలూ సమానంగా ఉండకూడదు. ఎన్ని రకాలుగా పెట్టగలరో చూద్దాం."

ఆవిడ చీర కుచ్చెళ్లు సర్దుకుని కింద కూర్చున్నారు. ఆరూ ఒకే కుప్ప. ఐదూ, ఒకటీ. నాలుగూ, రెండూ. కాసేపు ఆలోచించి మూడూ, రెండూ, ఒకటీ. ఇంకేమీ లేవు. నాలుగు రకాలు.

"ఇప్పుడు ఇంకో ఆట. కుప్పలు సమానంగా ఉన్నా ఫర్వాలేదు. కానీ ప్రతి కుప్పలోనూ బేసి సంఖ్యే ఉండాలి."

ఐదూ ఒకటీ. మూడూ మూడూ. మూడూ, మూడు ఒకట్లూ. చివరికి ఆరూ విడివిడిగా. "నాలుగే" అన్నారు. తర్వాత అనుమానంగా, "అదేంటి, మళ్లీ నాలుగే వచ్చాయేం?" అన్నారు.

పడక్కుర్చీలోంచి గొంతు వచ్చింది. "అది నాది కాదు. చాలా పాతది. నాది దాని మనవడు."

"మనవణ్ణి చూడాలంటే ముందు తాతని చూడాలిగా" అన్నారు పిన్నిగారు, తలెత్తకుండా. "ఆరుకే ఇలా అవుతుందా, అన్నిటికీ అవుతుందా?"

పేపరు దిగింది. ఆ ప్రశ్న మాస్టారు ఎదురుచూడలేదు. ఇన్నేళ్లుగా ఆయన్ని అందరూ అడిగింది, దీనివల్ల ఉపయోగం ఏంటి అని. అన్నిటికీ అవుతుందా అని ఎవరూ అడగలేదు. ఆయన కుర్చీలోంచి లేచి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చున్నారు. భార్య పక్కన ఆయన అలా కింద కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

"నాలుగూ రెండూ పెట్టు రాజ్యం. సరి కుప్పలు రెండున్నాయి కదా. సరి కుప్ప కనపడితే సగానికి విడగొట్టు."

నాలుగు పిక్కల కుప్ప రెండూ రెండూ అయింది. రెండు పిక్కల కుప్ప ఒకటీ ఒకటీ అయింది. ఆవిడ ఆగకుండా మిగిలిన రెండ్లనీ విడగొట్టారు. ఆరూ విడివిడిగా పరుచుకున్నాయి.

"మొదటి ఆటలోది రెండో ఆటలోకి వచ్చేసింది" అన్నారు నెమ్మదిగా.

"వచ్చింది. మరి వెనక్కి వెళ్లగలవా?"

ఆవిడ చాలాసేపు చూశారు. మాస్టారు నోరు విప్పబోతే నేను చేయి అడ్డం పెట్టాను. ఆవిడ వేళ్లు రెండు పిక్కల్ని దగ్గరికి జరిపాయి. "సమానంగా ఉన్నవి ఉండకూడదు కదా మొదటి ఆటలో. అయితే సమానంగా ఉన్న రెంటినీ కలిపేస్తే?" ఒకటీ ఒకటీ రెండు. అలా మూడు రెండ్లు అయ్యాయి. "మళ్లీ రెండు సమానంగా ఉన్నాయిగా." కలిపారు. నాలుగూ రెండూ. ఎక్కడ బయల్దేరిందో అక్కడికే వచ్చింది.

గబగబా మూడూ మూడూ పెట్టి కలిపారు, ఆరు అయింది. ఆరుని విడగొట్టారు, మూడూ మూడూ అయింది. తర్వాత సీసాలోంచి గుప్పెడు పిక్కలు తీసి, గుప్పెట మూసే మాస్టారి ముందు చాపారు. "ఇందులో ఎన్ని ఉన్నా ఇంతేనా?"

"ఎన్ని ఉన్నా అంతే. ప్రతిదానికీ జత ఉంది. వెళ్లిన దారినే తిరిగి రావచ్చు కాబట్టి జత తప్పిపోదు."

"లెక్కపెట్టకుండానే తెలిసిపోయిందా?"

"అదే రాజ్యం" అన్నారు మాస్టారు. "లెక్కపెట్టకుండా తెలుసుకోవడమే నా పని. నిన్న నన్ను పూలు లెక్కపెట్టమన్నారు."

ఆవిడ గుప్పెట విప్పి పిక్కల్ని చూశారు. "ఆహా" అన్నారు. సీసపద్యం చివర గాయకుడు ఎత్తుగీతి అందుకున్నప్పుడు అనే ఆహా అది, ఊరికే భర్త మనసు కోసం అన్నది కాదు. తర్వాత ఆయన ముఖం చూసి, ఆయన నవ్వే ఆ నవ్వు అక్కడ కనిపించిందేమో, కళ్లు తుడుచుకుని నాటకంలో అరిచినట్టే అన్నారు.

"వన్స్ మోర్!"

మాస్టారు పిక్కలన్నీ దగ్గరికి తీసి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. నేను చెప్పకుండా లేచి వచ్చేశాను.

*నాకు అర్థమైంది*

గొప్ప సాహిత్యానికి ఉన్న పేరు గొప్ప గణితానికి ఎందుకు లేదు అని మీరూ ఎప్పుడో అడుగుతారు. జనానికి బుద్ధి తక్కువ అని మాత్రం అనకండి. కాలవ తవ్వించినవాణ్ణి తరతరాలు తలుచుకునే డెల్టా ఇది, కృతజ్ఞత తెలియని మనుషులు కారు. లెక్కలు కష్టం కాబట్టి అనీ అనకండి. మా నాన్న పాడుకున్న పద్యాలు తక్కువ కష్టమైనవేం కావు.

మొదటిది, పద్యం మనకి ఒళ్లో కూర్చున్నప్పుడు, నిద్రపుచ్చుతూ, ఎవరో ఒకరు వినిపించగా వచ్చింది. అర్థం తర్వాతెప్పుడో వస్తుంది, రాకపోయినా ఫర్వాలేదు. లెక్క మనకి బెత్తంతో కలిసి వచ్చింది. తెలుగు మాస్టారు మొదటిరోజు క్లాసుకి వచ్చి పద్యం చదివి వినిపిస్తాడు, నువ్వొకటి రాయి అనడు. మనం మొదటిరోజే లెక్క ఇచ్చి చేయమంటాం. ఒక అందమైన రుజువుని, చేయమనకుండా, మార్కుల మాట ఎత్తకుండా, ఊరికే వినిపించిన లెక్కల మాస్టారు మీకెవరైనా ఉన్నారా? నాకు లేరు.

రెండోది, రుజువులో కూడా పద్యంలో లాగే ఊపిరి ఆగే చోటు ఒకటుంటుంది. నాటకం చూసేవాడికి చప్పట్లు ఎక్కడ కొట్టాలో గాయకుడి గొంతే చెబుతుంది. మన దగ్గర ఆ చోటు చెప్పేవాళ్లు లేరు. అందుకే జనం పాపం శాలువాకి చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు. మాస్టారు సగం చెబితే అబద్ధం అనేవారు. గొప్ప మనిషే, కానీ ఆ విషయంలో ఆయన పొరబడ్డారని ఆయన భార్య పక్కన కూర్చున్నప్పుడు ఆయనకే తెలిసింది. ఒక్క చింతపిక్క కూడా అబద్ధం చెప్పలేదు ఆ రోజు.

ఆ తర్వాత నేను ప్రతి సంవత్సరం మొదటి క్లాసు పాఠం చెప్పకుండా, ఒకటి వినిపించి వచ్చేసేదాన్ని. సిలబస్ వెనకబడుతోందని ఒక ప్రిన్సిపాలు గారు మెమో ఇచ్చారు. ఇవ్వనీయండి, మీకూ ఇస్తారు. మా నాన్నకి మాత్రం వినిపించలేకపోయాను. అప్పటికే ఆయన లేరు.

*ఒక పరామర్శ*

రెండు వేల సంవత్సరం దాటాక మాస్టారు పోయారు. కర్మకాండలు అయిన మరుసటి రోజు సాయంత్రం నేను పిన్నిగారి దగ్గర కూర్చుని ఉండగా, మూర్తి గారు, ఆడిటరు గారు, ఇంకో ఇద్దరు పరామర్శకి వచ్చారు. ఏదో ఒకటి మంచిమాట అనాలి కదా. ఆడిటరు గారు గొంతు సవరించుకున్నారు.

"మహానుభావుడండి. ఎంత పెద్ద లెక్కయినా నోటితో ఇట్టే చెప్పేసేవారు."

మిగతావాళ్లు తలలూపారు. మూర్తి గారు మాత్రం ముఖం పక్కకి తిప్పుకున్నారు. ఆ సభ సంగతి ఆడిటరు గారు మరిచిపోలేదు, నాకు తెలుసు. పోయినవాళ్లని పెద్దచేయడానికి ఆయనకి వేరే మాట దొరకలేదు. మాస్టారు ఇక ఈ ఊళ్లో అలాగే మిగిలిపోతారని, పద్యాలు రాసినవాళ్ల పద్యాలు మిగులుతాయి గానీ ఈయనకి ఒక కట్టుకథ మిగులుతుందని నాకు దుఃఖం వచ్చింది.

"లేదండి" అన్నారు పిన్నిగారు. "ఆయనకి హెచ్చవేతలు వచ్చేవి కావు. కూరల సంచీ లెక్క కూడా నేనే చూసేదాన్ని. ఆయన చేసింది అది కాదు."

ఆడిటరు గారు తెల్లబోయారు.

"సుభద్రా, ఆ సీసా ఇలా అందుకోమ్మా" అన్నారు. తర్వాత వాళ్లవైపు తిరిగి, "కుర్చీల్లోంచి కనపడదండి. ఏమీ అనుకోకుండా కింద కూర్చోండి" అన్నారు.

నలుగురు పెద్దమనుషులూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని చాప మీదికి దిగారు. ఆవిడ ఆరు పిక్కలు పోశారు. మాస్టారి మాటలు, మాస్టారి వరసలోనే, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ చెప్పారు. విడగొట్టమన్నారు, మూర్తి గారు విడగొట్టారు. కలపమన్నారు, కలిపారు. నాలుగూ రెండూ మళ్లీ నాలుగూ రెండూ అయినప్పుడు, మాస్టారితో అన్నేళ్లు వాదించిన ఆ మనిషి తలెత్తకుండా అలాగే ఉండిపోయారు. పిక్కల మీద ఒక చుక్క పడింది.

"ఇది తాత" అన్నారు పిన్నిగారు. "ఆయనది దీని మనవడు. అదీ చెబుతాను, కాస్త కష్టం."

ఆడిటరు గారు సీసాలోంచి గుప్పెడు పిక్కలు తీసుకున్నారు. అలవాటు కొద్దీ అరచేతిలో ఒక్కొక్కటే వేలితో జరుపుతూ, "ఇందులో ఎన్ని ఉన్నాయో చూసి..." అన్నారు.

ఆవిడ ఆయన గుప్పెట మూయించారు.

"ఎన్ని ఉన్నా సరేనండి" అన్నారు. "లెక్కపెట్టక్కర్లేదు."